బలం, పీడనం: సైకిల్‌తో మొదలుపెట్టండి, రాకెట్‌ను చివరికి ఉంచండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: ఎనిమిదో తరగతి పిల్లలు “ప్రమాణ వైశాల్యంపై లంబంగా పనిచేసే బలమే పీడనం” అని గడగడా అప్పజెబుతున్నారు. సూత్రంలో అంకెలు వేసి జవాబూ రాబడుతున్నారు. రాకెట్ ఎందుకు లేస్తుందని అడిగితే మాత్రం “మంటతో నేలను తంతుంది కాబట్టి” అంటున్నారు. అందుకే రాకెట్లు, సైకిళ్లు, అగ్నిపర్వతాలతో ఈ పాఠం చెప్పాలనుకుంటున్నారు. ఏది ముందు చెప్పాలి, తరగతిలో ఏమేం చేయించాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. సైకిల్ ముందు, అగ్నిపర్వతం తర్వాత, రాకెట్ చివర. మూడింటికీ ఒకే విషయం పట్టుకోండి: పీడనం ఉన్నంత మాత్రాన ఏదీ కదలదు, ఒకవైపు కంటే మరోవైపు ఎక్కువ ఉంటేనే కదులుతుంది. ఆ తేడాను అది పనిచేసే వైశాల్యంతో గుణిస్తే బలం వస్తుంది. పిల్లలు ఏ ఉదాహరణ దగ్గర తడబడినా రెండే ప్రశ్నలు వేయండి: ఏది దేన్ని నెడుతోంది? ఎంత వైశాల్యం మీద నెడుతోంది? ఈ రెండింటికీ జవాబు దొరికాకే సూత్రం నల్లబల్ల మీదికి రావాలి.

రాకెట్‌తో మొదలుపెట్టాలనే ఆశ మనందరికీ ఉంటుంది. శ్రీహరికోట ప్రయోగం వీడియో వేస్తే ఎంత అల్లరి తరగతైనా కుదురుగా కూర్చుంటుంది. కానీ రాకెట్‌లో బలమూ పీడనమూ కలిసిపోయి ఉంటాయి, పైగా పిల్లలు చేత్తో పట్టుకుని కొలవడానికి అక్కడ ఏమీ లేదు. సైకిల్ అయితే పాఠశాల షెడ్డులోనే ఉంటుంది. బలాన్నీ వైశాల్యాన్నీ విడివిడిగా కొలవవచ్చు.

సైకిల్‌తో చేయించాల్సిన మొదటి పని: టైరు అచ్చు. చదరపు సెంటీమీటరు గళ్లున్న గ్రాఫు కాగితాన్ని చదునైన గచ్చు మీద పరవండి. వెనుక టైరులో ఒక జానెడు మేర తడి సుద్దపొడి పూసి, ఆ భాగాన్ని కాగితం మీద ఆనించండి. ఒక విద్యార్థి సీటు మీద కూర్చోవాలి, ఇద్దరు హ్యాండిల్ పట్టుకుని సైకిల్ కదలకుండా చూడాలి. దింపాక కాగితం మీద కోలగా ఒక అచ్చు మిగులుతుంది. గళ్లు లెక్కపెట్టించండి, సగానికి మించి నిండిన గడిని ఒకటిగా తీసుకోమనండి. ముందు చక్రానికీ ఇలాగే.

ఇప్పుడు లెక్క. పంపు గేజి మీద కనిపించే పాయింట్లను (పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి పౌండ్లు) 0.7తో గుణిస్తే చదరపు సెంటీమీటరుకు ఎన్ని న్యూటన్లో దాదాపుగా తెలుస్తుంది. 30 పాయింట్ల గాలి ఉంటే సుమారు 21 న్యూటన్లు. వెనుక చక్రం అచ్చు 17 గళ్లు వచ్చిందనుకోండి, 21ని 17తో గుణిస్తే 357 న్యూటన్లు, అంటే దాదాపు 36 కిలోల బరువు. ముందు చక్రం లెక్క కూడా కలిపితే సైకిల్ బరువు, పిల్లవాడి బరువు మొత్తం వస్తుంది. తర్వాత అతన్నీ సైకిల్‌నూ తూకం యంత్రం మీద పెట్టి సరిచూడండి. కాగితం మీది సుద్ద మరక నుంచి మనిషి బరువు తేలడం చూశాక, పీడనం అంటే ఏమిటని ఆ తరగతికి మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు. తర్వాత గాలి 15 పాయింట్లకు తగ్గించి మళ్లీ అచ్చు తీయించండి. తీసే ముందు, గళ్లు పెరుగుతాయా తగ్గుతాయా, ఎంత అని ప్రతి ఒక్కరూ నోటుపుస్తకంలో రాయాలి. బరువు మారలేదు, పీడనం సగమైంది, కాబట్టి నేలను ఆనే మేర దాదాపు రెట్టింపు కావాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. లెక్క అచ్చంగా కలవదు. టైరు గోడలకు సొంత బిగువు ఉంటుంది, గాడుల మధ్య ఖాళీలుంటాయి. తేడా ఎందుకొచ్చిందో పిల్లలనే చెప్పనివ్వండి, అది కూడా పాఠమే. రెండోది, మన మామూలు సైకిళ్ల వాల్వులో రబ్బరు వాల్‌ట్యూబ్ ఉంటుంది. గాలి దాన్ని తోసుకుని లోపలికి వెళ్తుంది గానీ వెనక్కి రాదు. కాబట్టి గేజి చూపేది పంపులోని పీడనమే, టైరులోనిది అంతకంటే కొంత తక్కువ. మోటారుసైకిల్ రకం వాల్వున్న గేర్ల సైకిల్ ఏ పిల్లవాడి దగ్గరైనా ఉంటే ఈ ప్రయోగానికి అదే తెప్పించండి.

గేజి గురించి మరో మాట, ఇది దాటవేస్తే తర్వాత అగ్నిపర్వతం దగ్గరా రాకెట్ దగ్గరా తడబడతారు. పూర్తిగా గాలి దిగిపోయిన టైరుకు గేజి పెడితే సున్నా చూపుతుంది. లోపల గాలి లేదనా? ఉంది, బయట ఉన్నంత ఉంది. వాతావరణ పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 10 న్యూటన్లు, గేజి భాషలో 14.7 పాయింట్లు. గేజి ఎప్పుడూ లోపలికీ బయటికీ ఉన్న తేడానే చూపుతుంది. మన అరచేతి మీద కూడా కొన్ని పదుల కిలోల బరువుతో సమానమైన గాలి నెట్టుడు ఉంది, రెండు వైపులా ఉండబట్టే తెలియడం లేదు. పీడనానికి దిశ లేదు, దాని వల్ల పుట్టే బలానికే దిశ ఉంది అనే మాట కూడా ఇక్కడే చెప్పేయండి. లేకపోతే పీడనం అంటే కిందికి నొక్కేదే అనుకుంటారు.

పంపు మీద ఒక పది నిమిషాలు చాలు. లోపలి వ్యాసం 2 సెంటీమీటర్లున్న సన్నని పంపు, 3 సెంటీమీటర్లున్న లావు పంపు రెండూ తెప్పించండి. టైరులో వాతావరణ పీడనం కంటే చదరపు సెంటీమీటరుకు 30 న్యూటన్లు ఎక్కువ ఉంటే, సన్న పంపు పిడిని దించడానికి 94 న్యూటన్లు, లావు పంపుకు 212 న్యూటన్లు కావాలి. అదే టైరు, అదే పీడనం, చేతికి మాత్రం రెట్టింపుకు పైగా కష్టం. పంపు కింది భాగం వేడెక్కడం ఎవరో ఒకరు గమనించి తీరతారు. అది రాపిడి వేడి అని సర్దిచెప్పకండి. ముఖ్య కారణం గాలి హఠాత్తుగా కుదించుకుపోవడం.

షెడ్డు వదిలే ముందు ఒక ప్రశ్న అడగండి: సైకిల్‌ను ముందుకు నెట్టేది ఏది? “పెడల్” అంటారు, “గొలుసు” అంటారు, “కాళ్లు” అంటారు. ఇవన్నీ సైకిల్, దాని మీది మనిషి కలిసిన కట్టలోని భాగాలే. బయటి నుంచి నెట్టేది ఉండాలి కదా? సైకిల్‌ను ఇసుకలోకి తీసుకెళ్లి గట్టిగా తొక్కించండి. వెనుక చక్రం ఇసుకను వెనక్కి చిమ్ముతుంది, సైకిల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది లేదా నత్తనడక నడుస్తుంది. గట్టి నేల మీద చక్రం ఇదే విధంగా నేలను వెనక్కి నెడుతుంది, నేల జారిపోదు కాబట్టి ఘర్షణ ద్వారా చక్రాన్ని ముందుకు నెడుతుంది. న్యూటన్ మూడో నియమాన్ని రాకెట్ దాకా ఆపకండి, ఈ ఇసుక దగ్గరే చెప్పండి. వెనక్కి చిమ్మితే ముందుకు పోవడం అనే సంగతి ఇక్కడే కంటబడుతుంది.

ఇక అగ్నిపర్వతం. సైన్స్ ఫెయిర్‌లో పెట్టే వంటసోడా, వెనిగర్ అగ్నిపర్వతాన్ని ఈ పాఠానికి వాడకండి. మట్టితో కొండ చేసి, ఎర్ర రంగు కలిపి నురగ పొంగించడం చూడటానికి బాగుంటుంది, బహుమతులూ వస్తాయి. అది ఆమ్లం, క్షారం పాఠానికి పనికొస్తుంది. పైన మూతే లేని గిన్నెలో పీడనం పెరగదు. అగ్నిపర్వతం లోపల వెనిగర్ లాంటి చర్య ఏదో జరుగుతుందని పిల్లలు నమ్మేస్తారు, ఆ నమ్మకాన్ని పోగొట్టడం తర్వాత చాలా కష్టం.

దానికి బదులు ప్లాస్టిక్ సోడా సీసా చాలు. మూత తీయని సీసాను పిల్లల చేతికిచ్చి నొక్కమనండి, రాయిలా ఉంటుంది. లోపల ఒక్క బుడగ కనిపించదు. మూతను పావు వంతు తిప్పి, గాలి సుయ్‌మనగానే ఆపండి. అడుగు నుంచీ గోడల నుంచీ బుడగలు బారులు తీరి పైకి వస్తాయి. మళ్లీ గట్టిగా బిగించండి. కాసేపటికి బుడగలు పలచబడి ఆగిపోతాయి, సీసా మళ్లీ గట్టిపడుతుంది. మళ్లీ తెరవండి, మళ్లీ మొదలు. మూత చేతిలో ఉన్న విద్యార్థి బుడగలను తన ఇష్టం వచ్చినట్లు పుట్టించి ఆపగలుగుతాడు. పీడనం ఉన్నంతసేపు వాయువు ద్రవంలో కరిగి దాక్కుంటుంది, అది తగ్గగానే బయటపడుతుంది అనే విషయం మాటల్లో చెప్పాల్సిన అవసరమే రాదు. మీ ఊళ్లో గోలీసోడా దొరికితే అదీ తెప్పించండి. ఆ గోలీని సీసా మెడకు అదిమి పట్టి ఉంచేది లోపలి వాయువే. 1872లో ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఇంజనీరు పేటెంటు పొందిన ఏర్పాటు అది. గోలీని బొటనవేలితో లోపలికి నొక్కే బలమే, పీడనంలో తేడాను ఆ రంధ్రం వైశాల్యంతో గుణిస్తే వచ్చే బలం.

సీసాను కుదిపితే పీడనం బాగా పెరుగుతుందని పెద్దలు కూడా అనుకుంటారు. నిజానికి మూసిన సీసాలో పెద్దగా పెరగదు. కుదిపినప్పుడు పైన ఉన్న వాయువు చిన్నచిన్న బుడగలుగా ద్రవమంతా పరుచుకుంటుంది. మూత తీయగానే ఆ బుడగలన్నీ ఒక్కసారిగా ఉబ్బి ద్రవాన్ని తోసుకుంటూ బయటికొస్తాయి. పేలుడు తీవ్రతను నిర్ణయించేది పీడనం ఒక్కటే కాదు, బుడగలు ఎంత త్వరగా పెరుగుతాయి, వాటిని ద్రవం ఎంత తేలిగ్గా వదులుతుంది అనేవి కూడా. అగ్నిపర్వతానికి కావలసింది సరిగ్గా ఇదే.

ఇప్పుడు భూమి లోపలికి వెళ్లండి. శిల సాంద్రత ఘనమీటరుకు 2,700 కిలోలు అనుకుంటే, ఒక కిలోమీటరు లోతులో పైనున్న రాతి వల్ల కలిగే పీడనం దాదాపు 260 వాతావరణాలు, అంటే నేల మీది గాలి పీడనానికి 260 రెట్లు. నీటిలో అయితే 10 మీటర్లకు ఒక్కటి చొప్పున పెరుగుతుంది. పిల్లలు ఈ లెక్కను తామే చేయగలరు. అంత పీడనం కింద నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ మాగ్మాలో, అంటే భూమి లోపలి కరిగిన శిలలో, కరిగి ఉంటాయి. మాగ్మా పైకి వచ్చేకొద్దీ పైనున్న బరువు తగ్గుతుంది, బుడగలు పుడతాయి, పెరుగుతాయి. పల్చని బసాల్ట్ మాగ్మా అయితే వాయువు తేలిగ్గా తప్పించుకుంటుంది, లావా హవాయిలో మాదిరిగా పారుతుంది. సిలికా ఎక్కువై చిక్కగా ఉంటే వాయువు చిక్కుకుపోయి చివరికి మాగ్మానే తునాతునకలు చేస్తుంది. దీనికో చిన్న ప్రయోగం: ఒక గ్లాసులో నీళ్లు, ఇంకో గ్లాసులో చిక్కటి గంజి పోసి, రెండింట్లోకీ స్ట్రాతో ఊదించండి. గంజి గ్లాసు ముందు కూర్చున్నవారి చొక్కాలు కాస్త పాడవుతాయి, ముందే చెప్పి ఉంచండి.

కథగా చెప్పాలంటే సెయింట్ హెలెన్స్‌ను మించింది లేదు. అమెరికాలోని ఈ పర్వతంలోకి 1980 వసంతంలో మాగ్మా ఎగదన్నింది, ఉత్తరపు వాలు రోజుకు ఒక మీటరుకు పైగా బయటికి ఉబ్బుతూ వచ్చింది. మే 18 ఉదయం 5.1 తీవ్రతతో వచ్చిన భూకంపానికి ఆ వాలు మొత్తం జారిపోయింది. మాగ్మా మీది బరువు క్షణాల్లో తొలగిపోయింది, పేలుడు పైకి కాకుండా పక్కకు దూసుకెళ్లింది. శిఖరం ఎత్తు 2,950 మీటర్ల నుంచి 2,549 మీటర్లకు పడిపోయింది, 57 మంది చనిపోయారు. ఈ సంగతి చెప్పాక “మూత ఏది? మూత తీసింది ఎవరు?” అని అడగండి. మూత కొండ వాలేనని, తీసింది భూకంపమని వాళ్లే చెబుతారు. పేలుడు పక్కకే ఎందుకు వెళ్లిందన్న ప్రశ్నకు జవాబు రావడానికి మాత్రం కాస్త సమయం పడుతుంది. తొందరపడి మీరు చెప్పేయకండి.

మన దగ్గర అగ్నిపర్వతాలు లేవు కదా అని పిల్లలు అడుగుతారు. అండమాన్ సముద్రంలోని బారెన్ ద్వీపం ఇప్పటికీ చురుకైనదే, దీర్ఘ విరామం తర్వాత 1991లో మళ్లీ రాజుకుంది. వికారాబాద్ పరిసరాల్లోని నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి దక్కన్ లావాయే, రాజమహేంద్రవరం దగ్గర కూడా ఆ లావా పొరలున్నాయి. ఆ రాళ్లలో కొన్నింటికి సన్నని రంధ్రాలుంటాయి, కొన్నింటిలో ఆ రంధ్రాలు తెల్లని ఖనిజంతో పూడిపోయి ఉంటాయి. గడ్డకట్టే వేళకు లావాలో మిగిలిపోయిన బుడగలవి. అలాంటి రాయి ఒకటి సంపాదించి, సోడా సీసా పక్కనే బల్ల మీద పెట్టండి.

రాకెట్ దగ్గరికి వచ్చేసరికి పిల్లల దగ్గర కావలసిన సరంజామా అంతా ఉంటుంది. మూతి కట్టిన బెలూన్‌తో మొదలుపెట్టండి. లోపల పీడనం ఎక్కువే, అయినా బెలూన్ కదలడం లేదెందుకు? లోపలి గాలి అన్ని గోడలనూ సమానంగా నెడుతోంది, ఎదురెదురు బలాలు సరిపోయాయి. మూతి వదిలితే, ఆ మూతి ఉన్నచోట నెట్టడానికి గోడ లేదు. దానికి ఎదురుగా ఉన్న గోడ మీది బలానికి జంట పోయింది. బెలూన్ అటు పోతుంది. నేలను తన్నడం అనే మాట ఇక్కడెక్కడా రాలేదని వాళ్లకు గుర్తుచేయండి.

ఈ పొరపాటు పిల్లలకే పరిమితం కాదని చెప్పడానికి ఒక మంచి ఉదంతం ఉంది. 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం అమెరికా రాకెట్ శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్‌ను ఎగతాళి చేసింది. శూన్యంలో నెట్టడానికి ఏమీ ఉండదు కాబట్టి అక్కడ రాకెట్ పనిచేయదని, ఆ సంగతి హైస్కూలు పిల్లలకూ తెలుసని దాని వాదన. గొడార్డ్ 1926లో ద్రవ ఇంధన రాకెట్‌ను ఎగరేశాడు. ఆ పత్రిక సవరణ వేసుకున్నది 1969 జూలై 17న, అపోలో 11 చంద్రుడి వైపు బయలుదేరిన మరునాడు. నిజానికి శూన్యంలో రాకెట్ ఇంజను బలం ఇంకాస్త పెరుగుతుంది. వాయువులు బయటికి చిమ్మే గొట్టం, అంటే నాజిల్, మూతిని బయటి గాలి వెనక్కి నెట్టడం అక్కడ ఉండదు. టైరు గేజి దగ్గర చెప్పిన “లోపలికీ బయటికీ తేడా” ఇక్కడ పనికొస్తుంది.

నీటి రాకెట్ తప్పనిసరిగా చేయించండి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, దాని మూతికి బిగుతుగా పట్టే రబ్బరు బిరడా, బిరడాలో గుచ్చిన పాత ట్యూబు వాల్వు, గేజి ఉన్న పంపు. ఖాళీ సీసా, మూడో వంతు నీళ్లున్న సీసా, నిండుగా నీళ్లున్న సీసా: ఏది ఎక్కువ ఎత్తు పోతుందో ముందే రాయించండి. మూడో వంతు నీళ్లున్నదే గెలుస్తుంది. ఖాళీ సీసా వెనక్కి చిమ్మడానికి తేలికైన గాలి తప్ప ఏమీ లేదు. నిండు సీసాలో నీళ్లను తోయడానికి కుదించిన గాలికి చోటే లేదు.

ఉపాధ్యాయులుగా మీకోసం ఒక లెక్క. సీసా మూతి వైశాల్యం 4 చదరపు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. 30 పాయింట్ల దగ్గర, జంట లేని గోడ లెక్క ప్రకారం బలం సుమారు 75 న్యూటన్లు రావాలి. మూడో వంతు నీళ్లున్న సీసా బరువు 7 న్యూటన్ల చిల్లర, అంటే బలం దానికి పదిరెట్లు. అసలు విలువ ఇంకా ఎక్కువ, దాదాపు రెట్టింపు. మూతి వైపు పరుగెత్తే నీటిలో పీడనం తగ్గుతుంది కాబట్టి మూతి చుట్టూ ఉన్న గోడల మీది నెట్టుడు కూడా తగ్గుతుంది. ఎనిమిదో తరగతికి ఇది చెప్పనక్కర్లేదు. తెలివైన పిల్ల ఎవరైనా లెక్క కట్టి అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి, అంతే.

జాగ్రత్తల విషయంలో మొహమాటం వద్దు. మంచినీళ్ల పల్చటి సీసా వాడకూడదు, కూల్‌డ్రింక్ సీసానే వాడాలి. గీతలు, సొట్టలు పడితే పారేయాలి. 40 పాయింట్లు దాటకూడదు. రాకెట్‌కు లోహపు ముక్కలు, మొనదేలిన వస్తువులు అంటించకూడదు. పంపు కొట్టేది మీరే, పిల్లలు కనీసం పదడుగులు వెనక్కి, కళ్లద్దాలు పెట్టుకుని. బిరడా ఊడకుండా మొరాయిస్తే ఎవరూ సీసా మీదికి వంగకూడదు, ముందు పంపు గొట్టం తీసి గాలి వదలాలి, అదీ మీరే. దీపావళి మందుతో రాకెట్ చేద్దామని ఒకరైనా అడుగుతారు, అనుమతించవద్దు.

అసలు రాకెట్ అంకెలు చివర్లో ఇవ్వండి. 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసుకెళ్లిన ఇస్రో రాకెట్ ఎల్‌వీఎం3 ద్రవ్యరాశి సుమారు 640 టన్నులు, బరువు దాదాపు 63 లక్షల న్యూటన్లు. నేల మీది నుంచి దాన్ని లేపేవి రెండు ఎస్200 ఘన ఇంధన మోటార్లే, ఒక్కొక్కటి గరిష్ఠంగా 50 లక్షల న్యూటన్లకు పైగా బలాన్నిస్తుంది. మధ్యలో ఉన్న ద్రవ ఇంజన్లు అప్పటికి వెలగనే వెలగవు, దాదాపు రెండు నిమిషాల తర్వాత అందుకుంటాయి. పైకి నెట్టే బలంలోంచి బరువు తీసేసి ఫలిత బలం ఎంతో పిల్లలనే కట్టమనండి. ఇంధనం తరిగేకొద్దీ వేగం ఎందుకు త్వరత్వరగా పెరుగుతుందో కూడా వాళ్లే చెప్పగలరు.

సమయం విషయానికొస్తే, సైకిల్‌కు రెండు పీరియడ్లు, అగ్నిపర్వతానికి ఒకటి, రాకెట్‌కు రెండు పెట్టుకోండి. అన్నీ కుదరకపోతే అగ్నిపర్వతాన్ని సోడా సీసా వరకు కుదించండి, టైరు అచ్చు మాత్రం వదలకండి.

పరీక్షకు నిర్వచనం అడగకుండా నేను ఇచ్చే ప్రశ్న ఒకటి చెబుతాను. ఇక్కడ 30 పాయింట్లు గాలి పట్టిన సైకిల్‌ను చంద్రుడి మీదికి తీసుకెళ్లారు, ఉష్ణోగ్రత మారలేదు, టైరు సాగలేదు అనుకుందాం. గేజి ఎంత చూపుతుంది? అదే మనిషి ఎక్కి కూర్చుంటే టైరు అచ్చు ఎన్నో వంతు అవుతుంది? బయట గాలి లేదు కాబట్టి గేజి సుమారు 45 చూపాలి. బరువు ఆరో వంతు, పీడనంలో తేడా ఒకటిన్నర రెట్లు, కనుక అచ్చు తొమ్మిదో వంతు. గేజి ముప్పయ్యే చూపుతుందని రాసినవారికి మీరు గాలి దిగిన టైరు దగ్గర చెప్పిన మాట ఇంకా అందలేదన్నమాట. వాళ్లను మళ్లీ షెడ్డుకు తీసుకెళ్లి, ఆ టైరుకు మరోసారి గేజి పెట్టి చూపించండి.